అలారం మోగని బస్సు

బావని నూలు మిల్లులో అందరూ ‘అలారం’ అనేవాళ్ళు. ఎందుకంటారో ఇంట్లో ఎవరికీ తెలియదు. గురక వల్ల వచ్చిన పేరని అక్క అనుకునేది. గొంతు వల్ల అని ఆమె తమ్ముడు అనుకునేవాడు. ఆయన గుసగుసలాడినా పక్కింటివాళ్ళు "ఆఁ, ఏంటీ?" అని పలికేవాళ్ళు మరి. బావనే అడిగితే, "అననీలేవోయ్. వాళ్ళ నోరు, వాళ్ళ ఓపిక," అని గోడవైపు తిరిగేవాడు.

గోడవైపు తిరగడం ఆయనకి అలవాటు. మీసాలు సరిగ్గా రాకముందే మిల్లులో రాత్రి షిఫ్టుకి చేరాడు. ఊరంతా లేచే వేళకి ఇంటికొచ్చి పడుకోవడం, ఊరంతా పడుకునే వేళకి క్యారేజీ పట్టుకుని బస్సెక్కడం, బతుకంతా అదే. పెళ్ళి ఫొటోలో కూడా కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఫొటోగ్రాఫరు ఇంకోటి తీస్తానన్నాడట గానీ అక్కే వద్దంది. "ఎన్ని తీసినా ఇలాగే వస్తాడు, రీలు దండగ," అంది. ఆ రోజు నుంచి ఆయన నిద్రకి కాపలా కాయడం అక్క ఉద్యోగమైపోయింది. పగటిపూట ఆ సందులో బంతాట ఆడాలంటే పిల్లలు అక్క మొహం చూసి ఆడాలి. చీపుళ్ళు అమ్మేవాడు ఆ గుమ్మం దగ్గర కేక మింగేసి, దాటాక మిగతా సగం అరిచేవాడు.

మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నది ఒక్క క్యారేజీ గురించే. దాని పక్క కొక్కెం ఎప్పుడో వదులైపోయింది. ఎత్తితే చాలు, గిన్నెలన్నీ ఒకదాన్నొకటి కొట్టుకుని ఖణేల్‌మంటాయి. బాగు చేయించుకొస్తానని అక్క అన్నప్పుడల్లా ఆయన వద్దనేవాడు. "చప్పుడైతే నీకేం? మోసేది నేను," అనేవాడు. నిద్ర కోసం ఊరి నోరంతా మూయించే మనిషికి ఆ చప్పుడు మీద ఏం ప్రేమో అక్కకి అంతుబట్టేది కాదు.

అలాంటి మనిషి ఒకరోజు షిఫ్టు నుంచి ఇంటికొచ్చి, పడుకుని, మళ్ళీ లేవలేదు.

సరిగ్గా చెప్పాలంటే ఆయన రాలేదు, తెచ్చారు. మిల్లులో ఆయనతో పనిచేసే ఇద్దరు, ‘గురక’ అనే లావాటాయన, ‘పొడుగు’ అనే సన్నటాయన, ఆటోలోంచి దించి చెరో రెక్కా పట్టుకుని మోసుకొచ్చారు. వాళ్ళూ రాత్రంతా నిలబడి పనిచేసినవాళ్ళే. కళ్ళు సగం మూతలు పడుతున్నాయి. అయినా నవ్వుతూనే ఉన్నారు.

"చెల్లెమ్మా, ఇవాళ మీ ఆయన రికార్డు కొట్టాడు. బస్సులో కుదిపినా లేవలేదు, గిల్లినా లేవలేదు. ఇదిగో క్యారేజీ," అన్నాడు గురక.

ఇది కొత్తేమీ కాదు. అంతకుముందొకసారి జ్వరం మాత్ర వేసుకుని డబుల్ షిఫ్టు చేసినప్పుడు కూడా మిల్లు గేటు నుంచే ఆటోలో ఇలాగే మోసుకొచ్చారు. అప్పుడు సాయంత్రం దాకా పడుకుని లేచి, "నేనెప్పుడొచ్చాను?" అని అడిగాడు. ఆ మాట చెప్పుకుని మిల్లులో ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు. అందుకే అక్క ఏమీ కంగారు పడలేదు. మంచం మీద పడుకోబెట్టి చెప్పులు విప్పింది. పాదం వెచ్చగానే తగిలింది. కాళ్ళమీద దుప్పటి కప్పింది. ఎండ పడకుండా కిటికీకి పాత దుప్పటి అడ్డం కట్టింది. సందులో పిల్లల్ని తరిమేసింది. పక్కనే పీట వేసుకుని, షాపు నుంచి తెచ్చుకున్న చొక్కాలకి గుండీలు కుట్టుకుంది. సాయంత్రమయ్యాక, షిఫ్టుకి వేళవుతోందని భుజం తట్టింది.

వీధి చివరి డాక్టరు వచ్చి ఆయన చెయ్యి వంచబోయాడు. వంగలేదు.

"పొద్దుటే పోయాడమ్మా. గుండె. ఇప్పుడు పోయింది కాదు," అన్నాడు. అదే కాగితం మీద రాసిచ్చాడు. పొద్దున, గుండె, సహజ మరణం. పోయిన చోటు రాయలేదు. "నేను చూసేటప్పటికి ఇక్కడున్నాడు. పోయేటప్పుడు ఎక్కడున్నాడో నేనెలా రాసేది? అది మీరు ఆఫీసులో చెప్పుకోవాలి," అని బ్యాగు సర్దుకున్నాడు.

మిగిలిన కథంతా ఆ చెప్పుకోవడంతోనే వచ్చింది.

తమ్ముడిది బండల పాలిష్ పని. కొత్త ఇళ్ళలో, ఆఫీసుల్లో బండలు పరిచాక మిషను పట్టుకుని, నీళ్ళు పోస్తూ, తెల్ల బురదలో నిలబడి అరగదీస్తాడు. చదువు చిన్నప్పుడే చాలించాడు. ఎక్కడికెళ్ళినా మనుషుల కంటే ముందు నేల చూస్తాడు. నేల చూసి ఆ ఆఫీసులో పని ఎలా జరుగుతుందో చెప్పగలనని అతని నమ్మకం. ఆ నమ్మకం చాలాసార్లు తప్పింది గానీ అతను వదులుకోలేదు.

బావని సాగనంపిన తర్వాత మిల్లు మేనేజరు తమ్ముణ్ణి పిలిచి నిలబెట్టే మాట్లాడాడు గానీ మంచి మాటే చెప్పాడు. "డెత్ సర్టిఫికెట్ తెచ్చివ్వండి. మీ అక్కకి కండెలు సర్దే సెక్షన్‌లో పని ఇప్పిస్తాను. నెలాఖరు దాటిందంటే మాత్రం ఆ ఖాళీ ఇంకొకరికి వెళ్ళిపోతుంది. తర్వాత నన్నేమీ అనకండి."

అద్దె ఇల్లు. గుండీలు కుడితే వచ్చేది దారానికీ దీపానికీ సరి. తమ్ముడు తన ఇంట్లో పెట్టుకుందామంటే అతనిదీ ఒకటే గది, అందులో పిల్లలు, పెళ్ళాం, ఒక మూల పాలిష్ మిషను. కాబట్టి ఆ కాగితం వస్తే అక్కకి బతుకు, రాకపోతే ఏంటో ఎవరికీ తెలియదు.

ఆ కాగితం కోసమే ఇద్దరూ నదికి ఇవతలి ఒడ్డున, ఇంటివైపున్న మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళారు. నేల ఫర్వాలేదు గానీ నడిచే దారిలో అరిగి గాడి పడింది. ఆ గాడి వెంట వెళితే సరిగ్గా కిటికీ దగ్గరికే చేరింది. పుట్టినవాళ్ళకీ పోయినవాళ్ళకీ అక్కడ ఒకటే కిటికీ. ముందున్నాయన మొహం వెలిగిపోతోంది. వెనక్కి తిరిగి తమ్ముడి చెయ్యి ఊపేశాడు.

"నాకు కవలలండీ! మీకు?"

"మాకు బావండీ," అన్నాడు తమ్ముడు.

ఆయన చెయ్యి వదిలేసి ముందుకి తిరిగాడు.

గుమాస్తా పేరు, వయసు, తండ్రి పేరు రాసుకున్నాడు. డాక్టరు కాగితం చూశాడు, శ్మశానంలో ఇచ్చిన రసీదు చూశాడు. రెండింటికీ పిన్ను పెట్టుకున్నాడు. అంతవరకూ వెన్నలా నడిచింది.

"పోయింది ఎక్కడ? ఇంట్లోనేగా?"

"ఇంట్లోనేనండీ," అన్నాడు తమ్ముడు.

"కాదండీ. బస్సులో," అంది అక్క.

గుమాస్తా ఇద్దరినీ చూశాడు. "బస్సు ఎక్కడుండగా?"

"తెలీదండీ."

గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. కోపమేమీ లేదు. కుర్చీలో వెనక్కి వాలి, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. "చూడమ్మా. మనిషి ఎక్కడ ఉంటాడన్నది కాదు, ఎక్కడ పోయాడన్నది లెక్క. పోయిన చోటు ఏ ఆఫీసు కిందకొస్తే ఆ ఆఫీసులోనే రాయాలి. మిల్లు అవతలి ఒడ్డు, మీ ఇల్లు ఇవతలి ఒడ్డు. వంతెన మధ్యలో తెల్ల గీత ఉంటుంది, చూశారా? గీతకి ఇటు మేము, అటు వాళ్ళు."

"సరిగ్గా గీత మీద పోతేనండీ?" అన్నాడు తమ్ముడు. వెటకారం కాదు, నిజంగానే అనుమానం వచ్చింది.

గుమాస్తా కూడా నిజంగానే ఆలోచించాడు. "ఇంతవరకూ ఎవరూ పోలేదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎందుకొచ్చిన గొడవ? ఇంట్లో అని చెప్పండి. పక్కింటివాళ్ళలో ఇద్దరిచేత సంతకాలు పెట్టించుకు రండి. వారంలో కాగితం మీ చేతిలో ఉంటుంది," అన్నాడు.

"ఇంట్లో పోలేదండీ ఆయన," అంది అక్క.

గుమాస్తా పిన్ను తీసి, కాగితాలు రెండూ కిటికీలోంచి ఇవతలికి తోశాడు. పిన్ను మాత్రం ఉంచుకున్నాడు.

బయట మెట్ల మీద తమ్ముడు పట్టలేకపోయాడు. "ఏంటక్కా నువ్వు! ఆయన రాస్తానంటుంటే నీకెందుకొచ్చిన సత్యాలు? అబద్ధమాడితే ఎవరికి నష్టం? బావకా?"

"నాకు," అంది అక్క.

ఇంట్లోకొచ్చాక ఆ పీట లాక్కుని, మంచం పక్కన, అదే చోట కూర్చుంది.

"ఇదిగో, ఇక్కడే కూర్చున్నా ఆ రోజు. గుండీలు కుట్టుకుంటూ. మధ్యలో దారం తెగితే పళ్ళతో కొరికాను, ఆ చప్పుడుకి లేస్తాడేమోనని అటు చూశాను. చూసి, హమ్మయ్య, లేవలేదు అనుకున్నాను. పంపు దగ్గర ఎవరో బిందె పడేస్తే వెళ్ళి తిట్టొచ్చాను. అర్థమవుతోందా నీకు?" అంది. "ఇంట్లో అని రాస్తే ఆయన పక్కన పోతుంటే నేను గుండీలు కుట్టుకున్నట్టు. ఆ కాగితం పెట్టెలో పెట్టుకుని దాచుకోవాలి కదా నేను. ఎవరడిగినా తీసి చూపించాలి. ఇంట్లో పోయుంటే నాకు తెలిసేదిరా. ఇన్నేళ్ళు ఆ నిద్రకి కాపలా కాశాను, నిద్రేదో కానిదేదో నాకు తెలియదా?"

"మరి తెలిసిందా?" అని నోటిదాకా వచ్చింది తమ్ముడికి. మింగేశాడు. తెలియలేదు కాబట్టే ఇంట్లో పోలేదని ఆమె లెక్క. ఆ లెక్క సరిగ్గా ఉందో లేదో అతనికి తెలియదు. తప్పని మాత్రం అనాలనిపించలేదు. తలొంచుకుని నేల చూశాడు. సిమెంటు గచ్చు, అంతా పగుళ్ళు. మంచి బండలు వేసి పాలిష్ పట్టిస్తానని ఎన్నోసార్లు అన్నాడు. బావ పడుకున్నాడు, మిషను చప్పుడవుతుంది అని ప్రతిసారీ అక్కే ఆపేది.

మర్నాడు పని మానేసి అవతలి ఒడ్డు ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ నేల అద్దంలా ఉంది. బీరువాల కింద మాత్రం పాలిష్ పట్టకుండా వదిలేశారు. కాంట్రాక్టరు ఎవరో అతనికి వెంటనే తెలిసిపోయింది.

రిజిస్టర్ రాసే మేడంకి జలుబు. రుమాలు ముక్కు దగ్గర పెట్టుకునే అంతా విన్నారు.

"మా వైపు పోయారని మీకెలా తెలుసు?"

"ఇంట్లో పోలేదని మా అక్క అంటోందండీ."

"అది ఆవిడ మాట. నదికి అటా ఇటా అన్నది ఎవరు చెప్తారు? మీరు బస్సులో ఉన్నారా?"

"లేనండీ."

"నేనూ లేను. ఉన్నవాళ్ళని తీసుకురండి. చెప్తే రాస్తాను." ఒకసారి తుమ్మి, "సహజ మరణమని డాక్టరు రాశారు కాబట్టి పోలీసు కాగితం లేకుండా ఇక్కడితో పోతోంది. అదృష్టవంతులే," అన్నారు.

అదృష్టవంతుడు అక్కడి నుంచి బస్సు డిపోకి వెళ్ళాడు. ఆ బస్సు కండక్టరు టీకొట్టు బల్ల మీద కూర్చుని, సంచీలో చిల్లర ఏరుకుంటున్నాడు. తమ్ముడు విషయం చెప్పగానే సంచీ మూసేసి ఒళ్ళోకి లాక్కున్నాడు.

"నా బస్సులో ఎవరూ పోలేదు."

"పోయారన్నా. మా బావ."

"మీ బావ దిగాడు. మనుషులు దించారు, నా కళ్ళతో చూశాను. ఎక్కినవాళ్ళు దిగితే నా డ్యూటీ అయిపోతుంది. ఎలా దిగారన్నది నాకెందుకు?"

"నీమీద చెప్పడానికి రాలేదన్నా. వంతెన దాటాక పోయాడా, దాటకముందా, అదొక్కటే తేలాలి. మా అక్క పని దానిమీద ఉంది."

కండక్టరు కాసేపు టీ ఊదుకున్నాడు. తాగుతాడేమోనని తమ్ముడు ఎదురుచూశాడు. తాగలేదు.

"ఆ రోజు మా బాగా గుర్తుంది నాకు," అన్నాడు కండక్టరు చివరికి. మాటల్లో కాస్త కోపం కూడా వచ్చింది. "ఆ మిల్లు బ్యాచ్ మొత్తం డిపో దాకా వచ్చేశారు. అందరూ వంతెన దిగగానే మొదటి స్టాపులో దిగాల్సినవాళ్ళు. ఒక్కడూ దిగలేదు! ఇక్కడికొచ్చాక కళ్ళు నులుముకుంటూ లేచి, నన్ను తిట్టారు. ఎందుకు లేపలేదంట. నేను లేపాలా? అదేమైనా నా డ్యూటీనా? మిమ్మల్ని లేపడానికి అలారం ఉన్నాడు కదా, ఆయన్ని అడగండి అన్నాను. అలారం ఇవాళ మోగలేదు అన్నారు. మోగలేదేంటని చూస్తే..." అని ఆగిపోయాడు.

"అలారం ఏంటన్నా?" అన్నాడు తమ్ముడు.

కండక్టరు అతన్ని వింతగా చూశాడు. "మీ బావేనయ్యా. నీకు తెలీదా? వాళ్ళంతా మిల్లు గేటు దగ్గర ఎక్కుతారు, కూర్చుంటారు, పడిపోతారు. హారన్ కొట్టినా వినరు, విజిల్ ఊదినా వినరు. రాత్రంతా ఆ మిషన్ల మోతలో ఉండొస్తారు, మన చప్పుళ్ళు వాళ్ళకొక లెక్కా? మీ బావా పడుకుంటాడు. కానీ బస్సు వంతెన ఎక్కగానే అతుకుల మీద దడదడమంటుంది చూడు, అప్పుడు ఆయనకొక్కడికే మెలకువొస్తుంది. కాళ్ళ దగ్గర పెట్టుకున్న క్యారేజీ ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటాడు. ఆ క్యారేజీ ఉంది చూశావూ, దాని చప్పుడుకి పోయినవాళ్ళు కూడా..." అని మళ్ళీ ఆగాడు. "అంటే, అందరూ లేస్తారు. లేచి దిగుతారు. ఏళ్ళ నుంచీ అంతే. ఒక్కరోజు తప్పలేదు."

"ఆ రోజు క్యారేజీ ఎక్కడుంది?"

"సీటు కిందే. ఆ లావాటాయన వంగి తీశాడు. వంగితే లేవలేక, దానికీ నవ్వుకున్నారు."

టీ చల్లారిపోయింది. కండక్టరు దాన్ని మందులా ఒక్క గుక్కలో మింగి, "ఆఫీసు ఎప్పుడంటావ్?" అన్నాడు.

మిల్లు వాళ్ళని అడగడానికి తమ్ముడికి మాటలు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. గురక ఆ సాయంత్రం తనే అక్క గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. బావ పోయిన రోజు నుంచి ఆ గుమ్మం ఎక్కలేదు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మేం ఎగతాళి చేశాం చెల్లెమ్మా," అన్నాడు. "ఆటో ఎక్కించేటప్పుడు తల తగిలింది కూడా. అలారానికి బొప్పి కట్టిందిరా అని నవ్వాం. బస్సులో పక్క సీట్లోనే కూర్చున్నాను. భుజం మీద వాలితే, బరువుగా ఉన్నావురా జరుగు, అన్నాను."

"ఆయనైనా అంతే అనేవాడన్నా," అంది అక్క. "నువ్వు వాలితే ఇంకో మాట కూడా అనేవాడు."

గురక మొహం తుడుచుకుని, రేపు షిఫ్టు అయ్యాక అందరం నేరుగా ఆఫీసుకే వస్తాం అని చెప్పి వెళ్ళాడు. వాళ్ళు తిండి తిప్పలు లేకుండా వస్తారని అక్క తెల్లారేసరికి వండి, వేరే గిన్నె లేక, బావ క్యారేజీలోనే సర్దింది.

అక్కా తమ్ముడూ వెళ్ళేసరికి ఆఫీసు అప్పుడే తెరుస్తున్నారు. మిల్లు వాళ్ళు అప్పటికే వచ్చి ఉన్నారు. వరండా బల్ల మీద వరసగా కూర్చున్నారు. వరసగా నిద్రపోతున్నారు. గురక పొడుగు మీద వాలాడు, పొడుగు గోడమీద వాలాడు, ఆ చివరాయన ఎవరిమీదా వాలకుండా ఎలా నిద్రపోతున్నాడో తెలియదు. గురకకి ఆ పేరు ఎందుకొచ్చిందో మాత్రం ఆఫీసు మొత్తానికి తెలుస్తోంది. కండక్టరు యూనిఫాం లేకుండా, తనకి సంబంధం లేనట్టు పక్కన నిలబడ్డాడు.

మేడం రుమాలు పట్టుకుని బయటికొచ్చారు. "సాక్షులు వీళ్ళేనా?"

"వీళ్ళేనండీ," అన్నాడు తమ్ముడు.

"వీళ్ళు బస్సులోనూ ఇలాగే ఉన్నారా?"

"ఇలాగేనండీ."

"మరి వీళ్ళు ఏం చూసినట్టు? ఏం చెప్తారు?"

తమ్ముడు బల్ల వైపు చూశాడు. నిజమే, ఎవరూ ఏమీ చూడలేదు. కండక్టరు ముందుకొచ్చి, అలారం సంగతి, వంతెన సంగతి, ఎవరూ దిగని సంగతి చెప్పాడు. మేడం విన్నారు. విని, "అంటే ఒకాయన లేవలేదు కాబట్టి వీళ్ళు లేవలేదు, వీళ్ళు లేవలేదు కాబట్టి ఆయన అప్పటికే లేడు. ఇదేగా మీరనేది? రేపు పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి? నిద్రపోయినవాళ్ళని సాక్షులుగా రాశానని చెప్పనా?" అన్నారు. "పోనీ లేపండి, అడుగుదాం."

తమ్ముడు గురకని కుదిపాడు. గురక "ఊఁ" అని అటు ఒరిగాడు. కండక్టరు స్టాపు పేరు పెట్టి కేకేశాడు. జేబులోంచి విజిల్ తీసి ఊదాడు కూడా. లోపలి గదిలోంచి ఇద్దరు గుమాస్తాలు పరిగెత్తుకొచ్చారు గానీ బల్ల మీద ఒక్క కన్ను తెరుచుకోలేదు. మేడం వాచీ చూసుకున్నారు.

అక్క ఇదంతా పట్టించుకోకుండా, వాళ్ళు తిని చెప్తారులే అని, కింద పెట్టిన క్యారేజీ చేతిలోకి ఎత్తింది.

ఖణేల్‌మంది.

బల్ల మొత్తం ఒక్కసారి నిటారుగా కూర్చుంది. గురక కళ్ళు తెరవకముందే లేచి నిలబడ్డాడు. పొడుగు తల మీద లేని కడ్డీ కోసం చెయ్యి పైకి చాపాడు. ఆ చివరాయన "దిగాలి, దిగాలి, ఆపండి," అంటూ రెండడుగులు వేసి, వరండా మెట్టు దగ్గర ఆగి, చుట్టూ చూసి, తను ఎక్కడున్నాడో అర్థం కాక అలాగే నిలబడిపోయాడు.

మేడం రుమాలు దించారు.

అక్క ఆ క్యారేజీని పట్టుకుని అందరికంటే ఎక్కువసేపు నిలబడింది. కొక్కెం వైపు చూసింది. దాన్ని బొటనవేలితో ఒకసారి నొక్కి, వదిలేసింది. "బాగు చేయించుకొస్తానంటే అందుకా వద్దన్నావు," అంది మెల్లగా. పక్కనున్న తమ్ముడికి తప్ప ఎవరికీ వినపడలేదు.

"లోపలికి రండి," అన్నారు మేడం.

లోపల ఒక్కొక్కరినీ ఒక్కటే అడిగారు. ఆ రోజు ఈ చప్పుడు వినపడిందా? ఒక్కొక్కరూ లేదన్నారు. వంతెన మీద గానీ, దాటాక గానీ? లేదన్నారు. మేడం ఆ మాటల్ని ఆఫీసు భాషలో పెట్టి రాశారు. రోజూ వంతెన ఎక్కే సమయంలో మృతుడు భోజనపాత్ర పైకి తీయుట సాక్షులకు తెలిసిన అలవాటు అని, ఆ దినమున సదరు శబ్దము వినబడలేదు అని. చదివి వినిపిస్తుంటే గురకకి ‘సదరు శబ్దం’ దగ్గర ఏడుపొచ్చింది. అందరూ సంతకాలు పెట్టారు. కండక్టరు సంతకం పెట్టి, దాని కింద అడగకపోయినా బ్యాడ్జీ నంబరు కూడా వేశాడు.

తర్వాత వరండాలోనే కూర్చుని క్యారేజీ ఖాళీ చేశారు. మేడం దగ్గరి గుమాస్తా ఒకాయన అటుగా నాలుగుసార్లు తిరిగితే ఆయనకీ పెట్టింది అక్క.

నెలాఖరుకి ముందే కాగితం వచ్చింది. తమ్ముడే వెళ్ళి తెచ్చాడు. ఆ మంచం మీద కూర్చుని, వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. పేరు, వయసు, తండ్రి పేరు అన్నీ దాటి పోయిన చోటు గడి దగ్గరికి వచ్చాడు. ఆసుపత్రి, ఇల్లు, ఇతరం అని మూడు ఉన్నాయి. ఇతరం దగ్గర టిక్కు పెట్టి, పక్కన చేత్తో రాసుంది.

"బస్సులో. వంతెన రాకముందు," అని చదివాడు.

"మళ్ళీ చదువు."

"బస్సులో. వంతెన రాకముందు."

అక్క కాగితం తీసుకుని, ఇంకేమీ అడగకుండా మడతపెట్టి పెట్టెలో పెట్టింది. పెట్టె మూసి, తర్వాత గుర్తొచ్చి మళ్ళీ తెరిచి, మిల్లులో ఇవ్వాల్సింది కదా అని తీసి తమ్ముడి చేతికిచ్చింది. "జిరాక్సు ఇవ్వు. అసలుది నాక్కావాలి," అంది.

పని వచ్చింది. కొత్తవాళ్ళని ముందు రాత్రి షిఫ్టుకే వేస్తారు. అక్క ఇప్పుడు ఊరు లేచేవేళకి ఇంటికొచ్చి పడుకుంటోంది. సందులో పిల్లలు బంతాట మొదలుపెట్టారు. చీపుళ్ళవాడు గుమ్మం ముందు పూర్తిగా అరుస్తున్నాడు. "నాకు నిద్ర పడుతుందిలే, ఆడుకోనీ," అంటుంది అడిగితే.

కొన్ని రోజులాగి తమ్ముడు చూడ్డానికి వచ్చాడు. క్యారేజీ గుమ్మం పక్కన ఉంది. కొక్కెం అలాగే వేలాడుతోంది.

"బస్సు ఎలా ఉందక్కా?"

"ఎలా ఉంటుంది, బస్సులాగే ఉంది. ఆ మనుషులే..." అంది కళ్ళు నులుముకుంటూ. "ఎక్కగానే గురకన్న వచ్చి, చెల్లెమ్మా, క్యారేజీ కాళ్ళ దగ్గర పెట్టుకో, వంతెన రాగానే ఎత్తు అంటాడు. నేను ఎత్తను అన్నాను. మీ ఇళ్ళలో గడియారాలు లేవా, నేను వెళ్తున్నది కండెలు సర్దడానికా మిమ్మల్ని లేపడానికా, అన్నాను. క్యారేజీ ఒళ్ళోనే పెట్టుకుని గట్టిగా పట్టుకుని కూర్చున్నా. చప్పుడే చెయ్యలేదు."

"మరి?"

"మరేముంది. అందరూ డిపో దాకా పోయారు. నేను మన స్టాపులో దిగి వెనక్కి చూస్తే, కిటికీల్లో తలలన్నీ వాలిపోయి అలా వెళ్ళిపోతున్నాయి. గురకన్నకి మోకాళ్ళ నొప్పులంట, డిపో నుంచి నడిచే వచ్చాడంట."

ఆవలించి, కాళ్ళ మీదికి దుప్పటి లాక్కుంది.

"రెండోరోజు నుంచి ఎత్తుతున్నాలే. పాపం, ఎంతని నడుస్తారు," అని గోడవైపు తిరిగింది.